ఆ చప్పుడు ఎవరిది

గత శనివారం సాయంత్రం కూరగాయల సంచితో మెట్లెక్కుతుండగా కింది అంతస్తు అమ్మాయి నన్ను ఆపి, కొంచెం మొహమాటపడుతూనే, "అక్కా, కడుపులో పాప గుండె చప్పుడు వినే మెషిన్ మీ దగ్గర ఉందట కదా, ఒక నెల రోజులకు ఇస్తారా?" అని అడిగింది. ఆమెకు ఇప్పుడు 14వ వారం. అనంతపురం నుంచి పెళ్లయి బెంగళూరు వచ్చి ఏడాది కావస్తోంది. భర్తకు రాత్రి షిఫ్టులు. తల్లి ఏడో నెలకు గాని రాలేనన్నదట. యంత్రం నా బీరువాలో పై అరలో, కొన్నప్పటి డబ్బాలోనే ఉంది. ఇస్తానని అనలేకపోయాను, ఇవ్వనని కూడా అనలేకపోయాను. మెట్ల మీద నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగిన సంగతి కాదు గనుక, పాప నిద్రపోయాక కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

దాన్ని నేను ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. మా పాపకు ముందు నాకు ఒక గర్భం పోయింది. ఏడో వారం స్కానులో గుండె మిణుకుమిణుకుమంటూ కనిపించింది. పదో వారంలో మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరుగారు ప్రోబ్‌ను అటూ ఇటూ కదుపుతూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తెరను నా వైపు తిప్పలేదు. నాకు రక్తస్రావం లేదు, నొప్పి లేదు, వేవిళ్లు కూడా తగ్గలేదు. కొలతలను బట్టి చూస్తే గుండె ఆగి అప్పటికే వారం దాటి ఉంటుందని ఆమె మెల్లగా చెప్పారు. ఆ వారమంతా నేను ఆఫీసుకు వెళ్లాను, ఉగాది పచ్చడి చేశాను, అమ్మతో ఫోనులో పేర్ల గురించి మాట్లాడాను. నా కడుపులో జరిగినది నాకే తెలియలేదన్న ఆలోచన నన్ను ఆ తర్వాత నెలల తరబడి వదల్లేదు.

అందుకే మరుసటి ఏడాది మళ్లీ నెల తప్పినప్పుడు నాకు సంతోషం కంటే ముందు అనుమానం వచ్చింది. 12వ వారం స్కాను బాగుందన్నారు. తర్వాతి పెద్ద స్కాను 19వ వారంలో అన్నారు. ఆ మధ్య ఏడు వారాలు నేను ఎలా గడపాలి? మొదటి కాన్పులో బిడ్డ కదలికలు సాధారణంగా 18 నుంచి 20 వారాల మధ్య గాని తెలియవు. అంటే అంతదాకా లోపల ఏం జరుగుతున్నదో చెప్పేందుకు నాకు ఏ ఆధారమూ లేదు. ఆ రాత్రే ఫోనులో వెతికి, ఇంట్లో వాడుకునే డాప్లర్ యంత్రం ఒకటి ఆర్డరు పెట్టాను. మా ఆయన అడ్డు చెప్పలేదు; ఆయనకూ భయమే.

అరచేతిలో ఇమిడే తెల్లని పెట్టె, మెలికల తీగకు వేలాడే ప్రోబ్, అంకెలు చూపే చిన్న తెర, రెండు పెన్సిల్ సెల్లులు, ఒక జెల్ గొట్టం. మొదటి రెండు రాత్రులు నాకేమీ దొరకలేదు. చల్లని జెల్ పొత్తికడుపు మీద రాసుకుని, బొడ్డు కింద నుంచి కటి ఎముక దాకా అంగుళం అంగుళం వెతికాను. గాలికి తాటాకులు కొట్టుకుంటున్నట్టు గరగర తప్ప మరేమీ లేదు. రెండో రాత్రి ఒంటిగంట దాటాక స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి విప్పుకుని ఏడ్చాను. 13వ వారంలో బిడ్డ నిమ్మపండంత ఉంటుందనీ, అప్పటికింకా గర్భసంచి కటి ఎముక అంచుకు కాస్త పైకి మాత్రమే వచ్చి ఉంటుందనీ, ప్రోబ్ రవ్వంత పక్కకు వాలినా ఆ చప్పుడు తప్పిపోతుందనీ, అలా దొరకనంత మాత్రాన ప్రమాదమని కాదనీ నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. మూడో రాత్రి దొరికింది. కటి ఎముకకు రెండు వేళ్ల పైన, కొంచెం ఎడమ పక్కగా, దూరాన గుర్రం దౌడు తీస్తున్నట్టు వినిపించింది. తెర మీద 158 అని పడింది. మా ఆయన నేల మీద కూర్చుండిపోయి నా మోకాలు పట్టుకున్నారు. ఆ నిమిషాన్ని నేను ఈ రోజుకూ తక్కువ చేయలేను.

అయితే అప్పుడు మేము విన్నది గుండె చప్పుడే అనుకున్నాం గాని, సరిగ్గా చెప్పాలంటే అది కాదు. ఈ యంత్రం సెకనుకు 20 నుంచి 30 లక్షల సార్లు కంపించే ధ్వని తరంగాలను కడుపులోకి పంపుతుంది. మనిషి చెవి వినగలిగేది 20 వేల కంపనాల దాకానే గనుక ఆ తరంగాలు మనకు వినపడవు. అవి లోపల కదులుతున్న దేనికైనా తగిలి వెనక్కు వచ్చేటప్పుడు వాటి కంపన సంఖ్య కొద్దిగా మారుతుంది. కె.ఆర్. పురం స్టేషన్లో ఆగకుండా పోయే రైలు కూత మన వైపు వస్తున్నప్పుడు సన్నగానూ, దాటిపోయాక బొంగురుగానూ వినిపించడానికి కారణం ఇదే. ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ 1842లో నక్షత్రాల కాంతి విషయంలో చెప్పిన సూత్రమిది. పంపిన తరంగానికీ తిరిగి వచ్చిన తరంగానికీ ఉన్న తేడాను యంత్రం చప్పుడుగా మార్చి స్పీకరులో వినిపిస్తుంది. అంటే అది కదలికను పట్టుకుంటుంది. ఆ కదలిక బిడ్డ గుండెదా, బొడ్డుతాడులో రక్తానిదా, మాయలో (బిడ్డకు తల్లి నుంచి పోషణ అందించే అవయవంలో) ప్రవాహానిదా, తల్లి సొంత రక్తనాళానిదా అన్నది దానికి తెలియదు. తెలుసుకోవలసింది ప్రోబ్ పట్టుకున్న మనిషి. ఆ మనిషిని నేను. నాకు ఏ శిక్షణా లేదు.

వారం తిరిగేసరికి రోజుకొకసారి వినడం రెండుసార్లయింది, 16వ వారానికి మూడుసార్లయింది. చప్పుడు దొరికిన రోజున ఆ ధైర్యం గంట కూడా నిలిచేది కాదు. జెల్ తుడుచుకుంటుండగానే, ఇప్పుడు కొట్టుకుంది సరే, ఇప్పటి నుంచి పొద్దుటి దాకా సంగతేమిటన్న ప్రశ్న మొదలయ్యేది. దొరకని రోజున ఇక ఆఫీసు పని ముందుకు సాగేది కాదు. 19వ వారం స్కానులో అన్నీ సక్రమంగా ఉన్నాయన్నారు. మాయ గర్భసంచికి ముందు గోడను అంటుకుని ఉన్నది గనుక కదలికలు తెలియడం కొంచెం ఆలస్యం కావచ్చన్నారు. నిజంగానే నాకు 22వ వారంలో గాని తెలియలేదు. తెలిశాక కూడా నేను వాటికి విలువ ఇవ్వలేదు. లోపల చేపపిల్ల తిరిగినట్టు ఏదో మెదిలేది, నేను వెంటనే లేచి యంత్రం తెచ్చుకునేదాన్ని. నా కడుపు చెప్పినదాన్ని తెర మీది అంకె ధ్రువీకరిస్తే గాని నమ్మేదాన్ని కాదు. ఒకసారి అది నన్ను మోసం చేసిందని నాకు గురి పోయింది.

ఏడో నెలలో సీమంతానికి పది రోజుల ముందే అత్తయ్య మదనపల్లె నుంచి వచ్చేశారు. వచ్చే ముందురోజు రాత్రి జరిగినదే ఈ కథకంతటికీ కేంద్రం. ఆ రోజు నాకు ఆఫీసులో పని ఎక్కువై, సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేదు. రాత్రి పడుకున్నాక, మధ్యాహ్నం నుంచి బిడ్డ సరిగా కదిలినట్టు లేదని గుర్తొచ్చింది. ఎడమ పక్కకు తిరిగి పడుకుని చూశాను. ఒకసారి ఏదో మెదిలినట్టనిపించింది, తర్వాత లేదు. భయంతో చేతులు చల్లబడ్డాయి. యంత్రం తెచ్చి, ఎప్పటిలాగే బొడ్డు కింద వెతికాను. చప్పుడు వినిపించింది, ఎప్పుడూ వినే గుర్రం దౌడంత చురుకుగా లేదు, కొంచెం బరువుగా, ఊసు ఊసుమంటూ ఉంది. తెర 114 చూపింది. కడుపులో బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలని డబ్బాలోని కాగితం మీద ఉంది. 114 ఆ లెక్కలోనే ఉన్నది గనుక నేను "హమ్మయ్య" అనుకుని నిద్రపోయాను.

మర్నాడు పదిన్నరకల్లా అత్తయ్య చింతామణి మీదుగా వచ్చే బస్సులో కె.ఆర్. పురంలో దిగి, ఆటోలో రామమూర్తినగర్ ఇంటికి చేరారు. ఆమె చిత్తూరు జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా ఏ.ఎన్.ఎం.గా, అంటే గర్భిణులనూ కాన్పులనూ చూసే ప్రభుత్వ నర్సుగా, పని చేసి పదవీ విరమణ పొందిన మనిషి. కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, నా ముఖం చూసి, "రాత్రి నిద్ర పోలేదా తల్లీ?" అన్నారు. జరిగింది చెప్పాను, 114 సంగతి కూడా చెప్పాను. ఆమె గ్లాసు కింద పెట్టి, "ఎక్కడ విన్నావో చూపించు" అన్నారు.

మంచం మీద పడుకుని అదే చోట ప్రోబ్ పెట్టాను. అదే ఊసు ఊసు చప్పుడు వచ్చింది. తెర 92 చూపింది. అత్తయ్య ఒక్క మాట మాట్లాడకుండా నా కుడి మణికట్టు పట్టుకుని మూడు వేళ్లతో నాడి చూశారు, రెండో చేతి గడియారం మీద కళ్లు నిలిపారు. అర నిమిషం గడిచింది. యంత్రంలో చప్పుడు వచ్చినప్పుడల్లా ఆమె బొటనవేలు నా చేతి మీద మెల్లగా తడుతూ వచ్చింది, దెబ్బకు దెబ్బ సరిగ్గా కలిసింది. "ఇది బిడ్డది కాదమ్మా, నీదే" అన్నారు. రాత్రి భయంతో నా గుండె 114 సార్లు కొట్టుకుంది, ఆ అంకె బిడ్డ లెక్కలో పడింది, దాన్ని చూసుకుని నేను నిద్రపోయాను. బిడ్డ ఎలా ఉందో ఆ రాత్రి నాకు ఏమీ తెలియలేదు.

ఆమె ట్రంకు సంచిలోంచి, పాత తువ్వాలులో చుట్టిన జానెడు అల్యూమినియం గొట్టం తీశారు. ఒక చివర గంటలా విచ్చుకుని, రెండో చివర చెవికి ఆనేందుకు పల్చని బిళ్లతో ఉంటుంది. మధ్యలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీ. ఏ.ఎన్.ఎం.లు దాన్ని ఫీటోస్కోపు అంటారు. పారిస్ డాక్టరు అడోల్ఫ్ పినార్ 1895లో రూపమిచ్చిన పరికరం ఇది, ఇందులో కరెంటు లేదు, సెల్లు లేదు, ఇంతవరకు దాని ఆకారమూ పెద్దగా మారలేదు. అత్తయ్య దగ్గరున్నదాని అంచుకు రెండు సొట్టలున్నాయి, చెవి ఆనే చోట లోహం అరిగి అద్దంలా మెరుస్తోంది. ఆమె ముందు గొట్టం జోలికి పోలేదు. రెండు అరచేతులూ రుద్ది వేడి చేసుకుని నా కడుపు మీద ఆనించి, పైన, పక్కల, కింద మెత్తగా నొక్కుతూ చాలాసేపు చూశారు. "తల పైకి ఉంది. వీపు కుడి పక్కకు ఉంది. నువ్వు కింద వెతికితే ఎట్లా దొరుకుతుంది?" అన్నారు. బిడ్డ గుండె బిడ్డ వీపు వైపు నుంచి బాగా వినిపిస్తుందనీ, తల కిందికి ఉంటే బొడ్డుకు దిగువన, తల పైకి ఉంటే బొడ్డుకు ఎగువన వెతకాలనీ ఆ రోజే నాకు తెలిసింది. 28వ వారంలో తల పైకి ఉండటంలో కంగారు లేదు; చాలామంది పిల్లలు 36వ వారంలోపు వాళ్లంతట వాళ్లే తిరుగుతారు.

బొడ్డుకు పైన కుడి పక్కన గొట్టం నిలబెట్టి, చెవి ఆనించి, చేయి తీసేశారు. చేత్తో పట్టుకుంటే ఆ వేళ్ల రాపిడి కూడా వినపడుతుందట. తల బరువుతోనే గొట్టం నిలిచింది. ఒక చేయి మళ్లీ నా నాడి మీదే ఉంది. వంటింట్లో కుక్కరు ఈల వేయబోతుంటే మా ఆయన పరుగున వెళ్లి స్టవ్ ఆపేశారు. పూర్తిగా ఒక నిమిషం. తల ఎత్తి, "నూట నలభై ఆరు. నీది తొంభై" అన్నారు. నాకు కన్నీళ్లు ఆగలేదు. నేను లేచి ఆమెను కౌగలించుకోబోతే, "పద, బట్టలు మార్చుకో, ఆసుపత్రికి పోదాం" అన్నారు.

బాగుంది కదా అత్తయ్యా, మళ్లీ ఎందుకని అడిగాను. అప్పుడు ఆమె చెప్పిన మాట నేను కింది అంతస్తు అమ్మాయికి తప్పక చెప్పాలనుకున్న మాట. "గుండె ఈ నిమిషంలో కొట్టుకుంటోందని నా చెవి చెప్పింది, అంతే. నిన్న మధ్యాహ్నం నుంచి ఎందుకు కదల్లేదో నా చెవి చెప్పలేదు. కదలిక తగ్గిందని తల్లి అంటే మేము గుండె విని ఇంటికి పంపే వాళ్లం కాదు, పెద్దాసుపత్రికి పంపే వాళ్లం." బిడ్డకు ఆక్సిజన్ తగ్గుతున్నప్పుడు ఆ బిడ్డ కదలికలు తగ్గించుకుని, ఉన్న శక్తిని గుండెకూ మెదడుకూ దాచుకుంటుంది. గుండె మాత్రం చివరిదాకా కొట్టుకుంటూనే ఉండవచ్చు. అందుచేత కదలిక తగ్గినప్పుడు గుండె వినపడిందన్న ధైర్యం వెనుక ప్రమాదం దాగి ఉంటుంది. 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు డాక్టర్లు ఇలాంటి ఒక తల్లి గురించి రాశారు. నెలలు నిండుతుండగా కదలికలు తగ్గాయని గమనించి, ఇంట్లోని డాప్లర్‌తో చప్పుడు విని ధైర్యం తెచ్చుకుని, కొన్ని రోజుల తర్వాత ఆసుపత్రికి వచ్చేసరికి బిడ్డ దక్కలేదు. ఆమె విన్నది తన నాడినో, మాయలోని రక్త ప్రవాహాన్నో అయి ఉంటుందని వారు రాశారు. ఆ వ్యాసం గురించి చదివిన రాత్రి నేను నా 114ను తలచుకుని చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆసుపత్రిలో నాన్ స్ట్రెస్ టెస్ట్ చేశారు. కడుపు మీద రెండు బెల్టులు కట్టి, ఒకటి బిడ్డ గుండెనూ, ఒకటి గర్భసంచి బిగువునూ నమోదు చేస్తుండగా కాగితం మీద గీత గీస్తూ పోతుంది. బిడ్డ కదిలినప్పుడు గుండె వేగం కొంతసేపు పెరిగి మళ్లీ దిగాలి. ఆ ఎగుడుదిగుళ్లు ఉన్నాయా లేవా అన్నదే చూస్తారు, ఒక్క అంకెను కాదు. మామూలుగా 20 నిమిషాలు చాలు. మా బిడ్డ నిద్రలో ఉండటం వల్ల 40 నిమిషాలు పట్టింది. కడుపులో పిల్లలు 20 నుంచి 40 నిమిషాలు నిద్రపోతారు, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గంటన్నర మించి కదలకుండా ఉండటం అరుదు. తర్వాత స్కాను చేసి, ఉమ్మనీరు, రక్త ప్రసరణ అన్నీ చూసి, బాగుందన్నారు. మధ్యాహ్నం దాకా రాలేదు గనుక తిడతారేమోనని నేను భయపడ్డాను. "రాత్రే రావలసింది, రెండింటికైనా సరే" అని మాత్రం డాక్టరుగారు అన్నారు.

ఇంటికి వచ్చాక అత్తయ్య నా తాయి కార్డు అడిగి తీసుకున్నారు. కర్ణాటకలో గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే ఆ కార్డు కన్నడంలో ఉంటుంది. మదనపల్లె మనుషులకు కన్నడ అక్షరం పరాయిది కాదు, లిపులు దగ్గరివి కూడా గనుక ఆమె కూడబలుక్కుని గడులన్నీ చదివేశారు. ఆ తర్వాత ఒక నోటుబుక్కు తెమ్మని గీతలు గీసి ఇచ్చారు. రోజూ రాత్రి భోజనమయ్యాక తొమ్మిదింటికి ఫోను పక్కన పెట్టి, ఎడమ పక్కకు తిరిగి పడుకుని, కదలికలు లెక్కపెట్టాలి. తన్నడం, పొర్లడం, జరగడం, అన్నీ లెక్కే. ఎక్కిళ్లు మాత్రం లెక్క కాదు. పది పూర్తయిన సమయం రాయాలి. రెండు గంటల్లో పది రాకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. పది వచ్చినా సరే, ఈ బిడ్డ రోజూ ఉండే తీరుకు భిన్నంగా ఉందని అనిపిస్తే కూడా వెళ్లాలి. చక్కెర నీళ్లు తాగి చూడటం, పొద్దున్నే చూద్దామనుకోవడం, యంత్రం పెట్టి చూడటం, ఇవేవీ కుదరవు.

మొదటి వారం ఆ లెక్క కూడా నాకు పరీక్షలాగే ఉండింది. రెండో వారం నుంచి బిడ్డ తీరు తెలిసింది. మధ్యాహ్నం పెరుగన్నం తర్వాత నిద్రపోయేది. నేను సాయంత్రం ఆఫీసు కాలు చేస్తుంటే కుడి డొక్క దగ్గర ఒకే చోట తన్నేది. రాత్రి తొమ్మిదింటికి సాధారణంగా 20, 25 నిమిషాల్లో పది పూర్తయ్యేవి. నెలలు నిండేకొద్దీ చోటు చాలక కదలికలు తగ్గుతాయని మా పెద్దమ్మ ఫోనులో చెబితే అత్తయ్య గట్టిగా ఖండించారు. తన్నులు పోయి పొర్లడం, ఒత్తడం ఎక్కువ కావచ్చు గాని, కదలికలు కాన్పు దాకా తగ్గవు, తగ్గకూడదు. నోటుబుక్కులో అంకెలు నిండుతున్న కొద్దీ నేను యంత్రం తీయడం తగ్గించాను. 30వ వారం తర్వాత దాన్ని తీయనే లేదు. నా శరీరం మీద పోయిన నమ్మకం ఒక్క రోజులో తిరిగి వచ్చిందని చెప్పను. కాని ఇప్పుడు చెబుతున్నది నా శరీరం కాదు, లోపలున్న బిడ్డ అన్న తేడా నాకు తెలిసింది.

ఈ సందర్భంగా ఒక పాత సంగతి. 1816లో ఫ్రెంచి డాక్టరు లెనెక్ స్టెతస్కోపు కనిపెట్టిన కొన్నేళ్లకే, ఆయన వద్ద నేర్చుకున్న కెర్గరాడెక్ అనే డాక్టరు నిండు గర్భిణి కడుపు మీద దాన్ని పెట్టి చూశాడు. బిడ్డ కదిలినప్పుడు ఉమ్మనీటిలో పుట్టే చప్పుడు వినాలన్నది ఆయన ఉద్దేశం. అది వినిపించలేదు గాని, పక్కన గడియారం పెట్టినట్టు టిక్కుటిక్కుమనే చప్పుడు వినిపించింది. అది ఏమిటో తేల్చుకుని 1821 డిసెంబరులో పారిస్ వైద్య అకాడమీలో చదివి వినిపించాడు. ఆయన వెతికింది కదలికను, దొరికింది గుండె. నాకు దానికి తిరగబడిన దారిలో జరిగింది గనుక ఈ కథ చదివినప్పుడు మనసుకు దగ్గరగా అనిపించింది.

ఆ గడియారం చప్పుడు ఎలా ఉంటుందో మా ఆయన విన్నారు. 33వ వారంలో ఒక ఆదివారం పొద్దున, అత్తయ్య చోటు చూసి గొట్టం నిలబెట్టి, "ఊపిరి బిగపట్టి విను" అన్నారు. మొదట ఏమీ లేదన్నారు, తర్వాత తన చెవిలో తన రక్తమే వినపడుతోందన్నారు. రెండు నిమిషాల తర్వాత ఆయన ముఖం మారిపోయింది. దిండు కింద పెట్టిన చేతి గడియారంలా ఉంది, చాలా దూరంలో, చాలా తొందరగా ఉందన్నారు. యంత్రం చేసే గుర్రం దౌడు మాదిరి పెద్ద చప్పుడు కాదు. చెవి ఆనించి, ఇల్లంతా నిశ్శబ్దం చేసుకుని, ఓపిక పడితే గాని దొరకని చప్పుడు. కాని అది యంత్రం తయారు చేసినది కాదు, బిడ్డ గుండె కవాటాలు మూసుకుంటున్న అసలు శబ్దం. 20 వారాలలోపు ఈ గొట్టానికి సాధారణంగా అది అందదు.

ఇంకొక మాట చెప్పకుండా దాటలేను. సీమంతం నాడు వచ్చిన వాళ్లలో ఒకరిద్దరు బిడ్డ గుండె ఎంత కొట్టుకుంటోందని అడిగి, 140 దాటితే ఆడపిల్లే అన్నారు. అది నిజం కాదు. ఆరో వారంలో 110 దరిదాపుల్లో మొదలయ్యే వేగం తొమ్మిది, పది వారాలకు 170 దాకా పెరిగి, తర్వాత క్రమంగా తగ్గుతూ వస్తుంది. నిద్రలో తగ్గుతుంది, కదిలితే పెరుగుతుంది. అబ్బాయికీ అమ్మాయికీ ఇందులో తేడా లేదు. ఇంట్లో ఎప్పుడూ గొంతు పెంచని అత్తయ్య, ఆ రోజు గాజుల పళ్లెం చేతిలో ఉండగానే, అలాంటి మాటల వల్ల ఎన్ని కడుపులు తీయించారో తాను కళ్లారా చూశానని గట్టిగా అన్నారు. లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చట్టం వచ్చింది, ప్రతి స్కానింగు గది ముందూ బోర్డు ఉంది. ఆ ఊహలకు ఇంట్లోని యంత్రాన్ని ఆధారం చేసుకోవడం నాకు సహించదు.

ఇంట్లో డాప్లర్ వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2014 డిసెంబరులో చెప్పింది. అల్ట్రాసౌండ్ తరంగాలు కణజాలాన్ని కొద్దిగా వేడి చేయగలవు, కొన్ని సందర్భాల్లో సూక్ష్మమైన బుడగలు కలిగించగలవు. వైద్య అవసరం ఉన్నప్పుడు శిక్షణ పొందినవారు కొద్దిసేపు వాడటం వేరు, ఎవరి అదుపూ లేకుండా రోజుకు మూడుసార్లు గంటల తరబడి వాడటం వేరు. ఇక ఫోను మైకుతోనే బిడ్డ గుండె వినిపిస్తామనే యాప్‌ల మీద భరోసా పెట్టుకోవలసిన పనే లేదు. అయితే నన్ను ఆపింది వేడి గురించిన భయం కాదు. ఆ రాత్రి 114 చూసి నేను కళ్లు మూసుకున్న తీరు నన్ను ఆపింది.

కింది అంతస్తు అమ్మాయికి ఇదంతా ఎలా చెప్పాలి? ఆమె అడుగుతున్నది యంత్రం కాదని నాకు తెలుసు. నేను అడిగిన దాన్నే ఆమె కూడా అడుగుతోంది. 14వ వారంలో కదలికలు లెక్కపెట్టుకోమని చెప్పడానికి కదలికలే ఇంకా తెలియవు. ఆ ఏడు వారాల నిశ్శబ్దానికి నా దగ్గర కూడా సమాధానం లేదు. ఈ రోజు పొద్దున నేను కిందికి వెళ్లి, యంత్రం ఇవ్వలేనని చెప్పి, ఎందుకో చెబుతూ ఆమె వంటింట్లో గంటకు పైగా కూర్చున్నాను. మధ్యలో ఆమె కూడా ఒక సంగతి చెప్పింది. అది ఆమెది, ఇక్కడ రాయను. డాక్టరుగారికి ఆ భయం సంగతి చెప్పావా అని అడిగితే, రద్దీలో ఎలా చెప్పేదన్నది. ఈ గురువారం ఆమె చెకప్‌కు నేను కూడా వస్తున్నాను. గుండె చప్పుడు అక్కడే వినిపించమని, వచ్చే నెల దాకా ఆగలేకపోతే మధ్యలో ఒకసారి వచ్చి వినిపించుకోవచ్చా అని ఇద్దరం కలిసి అడుగుతాం.

అత్తయ్య పాప మొదటి పుట్టినరోజుకు వచ్చే నెల వస్తున్నారు. గొట్టం తెమ్మని ఫోనులో చెప్పాను. అప్పటికి ఆ అమ్మాయికి 19వ వారం ఉంటుందంటే, "ఇంకా వినపడదు గాని, చేయి పెట్టి చూస్తాను లే" అన్నారు.